మలబద్ధకం ఉన్నవాళ్లకు కొలనోస్కోపీ: పేగు శుభ్రం చేసుకోవడంలో నా అనుభవం

కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, నాకు నెల తిరగకముందే రెండుసార్లు చేశారు. మొదటిది 2025 ఏప్రిల్ 29న, సగంలో ఆపేశారు. రెండోది మే 22న, అది పూర్తయింది. పరీక్ష పేరు చెప్పి అందరూ భయపెడతారు గాని అది మత్తులో ఉండగానే అయిపోతుంది. అసలు కష్టం అంతకుముందు పేగు కడుక్కోవడంలో ఉంది. ఏళ్ల తరబడి మలబద్ధకంతో ఉన్నవాళ్లకు అందరికీ ఇచ్చే మందు, అందరికీ చెప్పే పద్ధతి సరిపోవు. ఈ ఒక్క సంగతి ఏప్రిల్‌లో నాకు ఎవరూ చెప్పలేదు. ఈ బాధ ఉన్నవాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లోనే చాలామంది ఉన్నారు. బయటికి చెప్పుకోరు, అంతే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. దగ్గర్లోని ఊళ్లో హైస్కూల్ టీచర్‌ని, వయసు 47. స్కూల్లో ఆడవాళ్ల బాత్రూం కొన్నేళ్లపాటు వాడుకునేలా ఉండేది కాదు. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్లు తక్కువ తాగడం, మోషన్ వచ్చినా ఆపుకోవడం అలవాటైపోయింది. తర్వాత బాత్రూం బాగుపడింది గాని నా కడుపు బాగుపడలేదు. మూడు నాలుగు రోజులకోసారి, అదీ చాలాసేపు ముక్కితే గాని కాదు. ఇసబ్‌గోల్, త్రిఫల చూర్ణం, పరగడుపున వేడినీళ్లు, అన్నీ చూశాను. మార్చిలో రక్తం పడింది. మొదటిసారి చూసినప్పుడు కాళ్లు వణికాయి. ఆ రాత్రంతా పిల్లల చదువుల గురించే ఆలోచిస్తూ పడుకున్నాను, మావారికి పొద్దునదాకా చెప్పలేదు. మా ఊళ్లో డాక్టర్ చూసి, "మొలలే అయ్యుండొచ్చమ్మా, కానీ ఈ వయసులో రక్తం పడితే లోపల ఒకసారి చూసుకోవాల్సిందే" అని కర్నూలు పొమ్మన్నారు.

వేసవి సెలవులు ఇచ్చాక ఏప్రిల్ చివరి వారంలో కర్నూల్లో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి వెళ్లాం. ఓపీలో రెండున్నర గంటలు కూర్చున్నాం, లోపల డాక్టర్ దగ్గర ఐదు నిమిషాలు. రక్తం ఎప్పటినుంచి, నొప్పి ఉందా, బరువు తగ్గారా అని అడిగారు. మోషన్ ఎన్ని రోజులకోసారి అవుతుందని మాత్రం అడగలేదు. నేనే "మలబద్ధకం ఉంది సార్" అన్నాను. "అది తర్వాత చూద్దాం" అన్నారు. కౌంటర్లో రక్తపరీక్షలకు రాసిచ్చి, ఒక ప్రింట్ కాగితం, ఒక మందు ప్యాకెట్ చేతిలో పెట్టారు. కాగితంలో ఉన్నది ఇంతే: ముందురోజు తేలిక భోజనం, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపు ప్యాకెట్‌ని రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగాలి, పొద్దున ఖాళీ కడుపుతో రావాలి.

కాగితంలో ఉన్నట్టే చేశాను. ఎనిమిదికల్లా రెండు లీటర్లు అయిపోయాయి. పొట్ట కుండైంది, కానీ మోషన్ మాత్రం రాలేదు. తొమ్మిదైంది, పదైంది. హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. పదకొండు దాటాక మొదలైంది. రాత్రి మూడింటిదాకా నాలుగైదుసార్లు వెళ్లాను. పొద్దున చూస్తే ఇంకా చిక్కటి గోధుమరంగు నీళ్లు, అందులో ముక్కలు. ఆసుపత్రిలో సిస్టర్‌కి ఆ సంగతి చెప్పాను. "నీళ్లలా వస్తోంది కదా మేడం, చాలు" అంది. నాకు నమ్మకం కలగలేదు గాని, వాళ్లకు తెలియదా అనుకుని టేబుల్ ఎక్కాను.

మత్తు దిగేసరికి మావారి మొహం చూసి అర్థమైంది. లోపల మలం అడ్డంగా ఉంది, ఏమీ కనిపించలేదు, సగంలోనే ఆపేశాం అని చెప్పారట. రిపోర్టులో బోస్టన్ స్కోర్ అని ఒకటి రాస్తారు. పెద్దపేగుని కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి శుభ్రతను బట్టి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం తొమ్మిది. ప్రతి భాగానికీ కనీసం 2 వస్తేనే పరీక్షను నమ్మొచ్చు. నాకు ఎడమవైపు 1, మిగతా రెండింటికీ 0. దాని కింద ఇంగ్లీషులో "పేషెంట్ సరిగా ప్రిపేర్ కాలేదు" అన్న అర్థంలో ఒక వాక్యం రాశారు.

ఆ వాక్యం నన్ను బాగా బాధపెట్టింది. 4,500 ఫీజు పోయింది, పోతే పోయింది. మళ్లీ చేయించుకోవాలంటే అదే మొత్తం మళ్లీ కట్టాలన్నారు, అదీ సరే. చెప్పినదంతా చెప్పినట్టు చేసి, వాంతి వస్తున్నా చుక్క వదలకుండా తాగితే తప్పు నాదన్నట్టు రాయడం తట్టుకోలేకపోయాను. ఆటోలో బస్టాండుకు వెళ్తూ ఏడ్చేశాను. "నువ్వు చుక్క కూడా వదల్లేదు, నేను చూసినా కదా" అని మావారు పదేపదే అంటూనే ఉన్నారు. పైగా లోపల ఏముందో తెలియకుండానే ఇంటికి పోతున్నాం. క్యాన్సర్ అన్న టెన్షన్ అలాగే ఉంది, ఇప్పుడు ఇంకో మూడు వారాలు మోయాలి.

మా కొలీగ్ చెల్లెలు నర్సు. ఆమె చెబితే మే 6న కర్నూల్లోనే గాయత్రీ ఎస్టేట్‌లో గ్యాస్ట్రో డాక్టర్ ఒకరిని చూశాం. ఫీజు 500, ఎదురుచూపు దాదాపు మూడు గంటలు. పాత రిపోర్టు పక్కన పెట్టి ఆయన మొదట అడిగింది, "ఎన్ని రోజులకోసారి అవుతుందమ్మా?" అని. తర్వాత గట్టిగా అవుతుందా, ఉండలుగానా, ముక్కాలా, అయ్యాక ఇంకా మిగిలినట్టు ఉంటుందా, ఎన్నేళ్ల నుంచి, కడుపు ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, ఏ ఏ మాత్రలు వాడుతున్నారు. ఇన్నేళ్లలో నన్ను ఎవరైనా ఇన్ని ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి. మాత్రల పేర్లు చెబుతుంటే ఆయన రాసుకుని ఒక్కోదాని కింద గీత గీశారు. రక్తం తక్కువని వేసుకుంటున్న ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర, తలనొప్పికి రాత్రిపూట వేసుకునే అమిట్రిప్టిలిన్, మూడూ మలబద్ధకం చేసేవే. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఇలా అవుతుందని టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష రాశారు, అది నార్మల్ వచ్చింది.

"మీరు తాగిన మందు పనిచేయకపోవడం కాదమ్మా, పోయినసారి దానికి దారి లేదు" అన్నారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. ఆ ప్యాకెట్లో ఉండేది పాలీఇథిలీన్ గ్లైకాల్, దానితోపాటు కొన్ని లవణాలు. అందరూ పెగ్ అంటారు. అది నీళ్లను ఒంట్లోకి ఇంకనీయకుండా పేగులోనే పట్టి ఉంచుతుంది, ఆ నీళ్లు మలాన్ని కడుక్కుంటూ కిందికి వస్తాయి. రోజూ మోషన్ అయ్యేవాళ్లకు అది చాలు. మనకు రోజుల తరబడి పేరుకున్న గట్టి మలం ఉంటుంది, పేగు కదలిక కూడా నెమ్మది. నీళ్లు దాని పక్కనుంచి జారి కిందికి వచ్చేస్తాయి, గట్టిది అక్కడే ఉండిపోతుంది. బయటికి నీళ్లు వస్తున్నాయి కదా అని మనం అనుకుంటాం, లోపల మాత్రం అడ్డు అలాగే ఉంటుంది. అందుకే వారం ముందు నుంచే మెత్తబరుస్తూ రావాలి. పైగా మందు మొత్తం ముందురోజు సాయంత్రమే తాగేస్తే రాత్రంతా చిన్నపేగు నుంచి వచ్చే పసరు, జిగురు పెద్దపేగు కుడివైపు మళ్లీ పూత పూస్తాయట. అందుకని సగం సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగాలన్నారు.

పరీక్ష మే 22, గురువారం, పొద్దున పదకొండున్నరకు పెట్టారు. ఆయన రాసిచ్చిన వరుస ఇది. నా బరువు, నా కిడ్నీ పరీక్ష, నా మందులు చూసి రాసినది కాబట్టి దీన్నే ఎవరూ దించుకోవద్దు. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, షుగర్, రక్తం పలుచబడే మందులు ఉన్నవాళ్లకు లెక్క పూర్తిగా మారిపోతుంది.

మే 15 నుంచి ఐరన్ మాత్ర, ఇసబ్‌గోల్ బంద్. ఐరన్ మలాన్ని నల్లగా, జిగటగా చేసి పేగు గోడకు అంటిస్తుంది. ఇసబ్‌గోల్ నాకు ఆశ్చర్యం కలిగించింది. మలబద్ధకానికి మందనుకునేదాన్నే పరీక్షకు ముందు ఆపేయాలి, ఎందుకంటే అది పొట్టు, లోపల మిగిలిపోతుంది. తలనొప్పి మాత్ర మాత్రం హఠాత్తుగా మానొద్దన్నారు. అదే రోజు నుంచి రాత్రిపూట గ్లాసు నీళ్లలో 17 గ్రాముల పెగ్ పొడి. రెండు మూడు రోజులకు తేడా తెలిసింది. వారం లోపే రోజూ మెత్తగా మోషన్ అవుతోంది. అలా రోజూ అవ్వడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి, పరీక్ష సంగతి పక్కన పెట్టి దానికే సంతోషించాను.

మే 19 నుంచి తిండి మారింది. పీచు, గింజ, తొక్క, ఏదీ ఉండకూడదు. మన ఇళ్లలో ఇది ఎంత కష్టమో వంట చేసేవాళ్లకే తెలుస్తుంది. జొన్నరొట్టె వద్దు, సంకటి వద్దు, శనక్కాయల చట్నీ వద్దు, నువ్వులు వద్దు, పప్పు వద్దు, ఆకుకూరలు వద్దు. కర్నూలు జిల్లా ఇంట్లో ఇవి తీసేస్తే మిగిలేదేమిటి? పోపు కూడా వద్దు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి గింజలు, కరివేపాకు అరగవు. పేగులో అవి అలాగే కనిపిస్తాయని, కెమెరా పక్కన ఉండే సన్నటి గొట్టంలో ఇరుక్కుని కడగడానికి ఇబ్బంది పెడతాయని డాక్టర్ చెప్పారు. పోపు వేయకుండా రసం కాచి వడగట్టుకుని తెల్లన్నంలో కలుపుకున్నాను. పెరుగన్నం, చట్నీ లేని ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, మైదా బ్రెడ్డు, చర్మం తీసిన కోడికూర రెండు ముక్కలు. మామిడిపండ్ల కాలం, ఇంటినిండా బేనిషా వాసన, ముట్టుకోలేదు.

మా అత్త అడిగింది, "రొట్టె మానేస్తే కడుపు ఇంకా గట్టిబడదా ఏందమ్మా?" అని. మంచి ప్రశ్న. నిజంగానే గట్టిబడుతుంది. అందుకే పీచు ఆపే రోజుల్లో పెగ్ పొడి ఆపకూడదు, మర్చిపోకూడదు. ఏప్రిల్‌లో నాకు జరిగినదాంట్లో సగం ఇదేనని నా అభిప్రాయం. తేలిక భోజనం అన్నారు గాని, ముందునుంచి మలం మెత్తబరచడానికి ఏమీ ఇవ్వలేదు. మే 20 రాత్రి రెండు బైసాకోడిల్ మాత్రలు కూడా వేసుకున్నాను, పేగును కదిలించి మోషన్ తెప్పించే మాత్రలు అవి. వాటిని పాలతో గాని, గ్యాస్ మాత్రలతో గాని వేసుకోకూడదు, మాత్ర పైపూత కడుపులోనే కరిగి మెలిపెడుతుంది. నలపకుండా మింగాలి.

ఇక ఎక్కడ ఉండాలన్నది. ఈ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. తెల్లవారుజామున ఐదింటికి మందు మొదలుపెట్టాలి. ఎమ్మిగనూరు నుంచి కర్నూలు బస్సులో కోడుమూరు మీదుగా గంటన్నర పైనే. ఆ మందు తాగి బస్సెక్కడం అయ్యే పని కాదు. కర్నూల్లోనే, కల్లూరులో మా చిన్నమ్మ ఇల్లుంది, రమ్మని గొడవ చేసింది. కానీ ఐదుగురికి ఒకటే బాత్రూం. "నీ ఇంటికి ఇంకోసారి వస్తా చిన్నమ్మా, ఈసారి వదిలెయ్" అని బతిమాలి ఆసుపత్రికి రెండు సందుల అవతల రూమ్ తీసుకున్నాం. రోజుకు వెయ్యి. ఏసీ కన్నా ముందు అడిగింది నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయా అని, కమోడ్ ఉందా అని. కరెంటు పోతే మోటారు ఆగుతుందని రెండు బకెట్లు నింపి పెట్టుకున్నాం. ఇంట్లో చేసుకునేవాళ్లు కూడా డ్రమ్ము నింపి పెట్టుకోండి, మే నెలలో మన ఊళ్లలో నీళ్ల సంగతి తెలిసిందే.

మే 21 అంతా నీళ్లలాంటివే. అవతలివైపు కనిపించేది ఏదైనా తాగొచ్చు అన్నారు సిస్టర్. కొబ్బరినీళ్లు, ఉప్పు పంచదార నీళ్లు, ఓఆర్ఎస్, వడగట్టిన చికెన్ సూప్, పాలు లేని టీ. పాలు వద్దు. ఎరుపు, ఊదా రంగువి అసలు వద్దు, దానిమ్మ గాని ద్రాక్షరసం గాని తాగితే లోపల రక్తంలా కనిపిస్తుంది. బయట నలభై డిగ్రీల ఎండ. దాహం తీరడం ఒకటి, ఆకలి తీరడం ఒకటి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆకలి బాగా బాధించింది, తల పట్టేసింది. తర్వాత అది దానంతటదే తగ్గిపోయింది. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ రెండు బైసాకోడిల్ మాత్రలు, సాయంత్రం ఐదున్నరకు వాంతి రాకుండా ఒక ఒండాన్‌సెట్రాన్.

ఆరింటికి మొదటి ప్యాకెట్ కలిపాం. రెండు లీటర్ల సీసాలో ముందు సగం నీళ్లు పోసి, పొడి వేసి, మూత బిగించి ఊపి, మిగతా నీళ్లు పోయాలి. పొడి ముందు వేస్తే అడుగున గడ్డకడుతుంది, ఏప్రిల్‌లో మా ఇంట్లో అలాగే గడ్డకట్టి చివరి గ్లాసు విషంలా అయ్యింది. మావారు సీసా మీద పెన్నుతో పావు లీటరుకో గీత గీశారు. పదిహేను నిమిషాలకో గీత. రుచి ఉప్పగా ఉంటుంది, నాలుక మీద జిడ్డుగా ఆగుతుంది. నేను కనిపెట్టిన ఉపాయాలు ఇవి: చల్లగా ఉండాలి, స్ట్రాను నాలుక వెనకదాకా పెట్టి పీల్చాలి, తాగగానే నిమ్మచెక్క నాకి నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. గుక్కపట్టి తాగడం కంటే స్ట్రా నయం. నాలుగో గ్లాసుకు కడుపు తిప్పింది. సిస్టర్‌కి ఫోన్ చేస్తే, "ఇరవై నిమిషాలు ఆపండి మేడం, నడవండి, మళ్లీ మొదలుపెట్టండి, ఆపేయొద్దు" అంది. అలాగే చేశాను, తగ్గింది. అన్ని చల్లటి నీళ్లు లోపలికి పోయేసరికి ఆ ఎండాకాలంలోనూ వణుకు పుట్టింది. ఏసీ ఆపి దుప్పటి కప్పుకున్నాను. వణుకు వస్తే జ్వరమేమో అని కంగారుపడకండి.

ఈసారి ఏడుంబావుకల్లా మొదలైంది. ఏప్రిల్‌లో రాత్రి పదకొండు దాకా ఎదురుచూసినదాన్ని, అంత త్వరగా కడుపులో గుడగుడమనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకవేళ మందు తాగి చాలా గంటలైనా ఏమీ రాకుండా, పొట్ట బాగా ఉబ్బి, నొప్పి ఎక్కువై, వాంతులవుతుంటే ఇంకా తాగకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయమని నాకు ముందే చెప్పి పెట్టారు. మలబద్ధకం ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఫోన్ నంబర్ ముందే తీసుకోండి, రాత్రిపూట ఎత్తే నంబర్.

ఇంకో సంగతి సిగ్గుపడకుండా చెబుతాను. అన్నిసార్లు కడుక్కుంటే చర్మం ఒరిసిపోయి మంటపుడుతుంది. మొలలు ఉంటే మరీ. మొదటిసారి వెళ్లకముందే కొబ్బరినూనె గాని వ్యాసలిన్ గాని రాసుకోండి, ప్రతిసారీ రాసుకోండి. తువ్వాలుతో రుద్దొద్దు, తడి బట్టతో అద్దండి. ఏప్రిల్‌లో ఇది ఎవరూ చెప్పక రెండు రోజులు కూర్చోలేకపోయాను.

పదకొండున్నరకు తగ్గుముఖం పట్టింది, కాస్త నిద్రపోయాను. నాలుగున్నరకు అలారం. ఐదుంబావుకు రెండో ప్యాకెట్ మొదలు. ఈ పూట మొదటిదానికన్నా తాగడం కష్టం, ఒంట్లో ఓపిక ఉండదు, నోరు ఒప్పుకోదు. కానీ ఏడున్నరలోపు ముగించాలి. మత్తు ఇస్తారు కాబట్టి పరీక్షకు కనీసం రెండు గంటల ముందు నుంచి చుక్క నీళ్లు కూడా తాగకూడదు. మావారు ఒక్కో గీతకూ టైం చూసి గ్లాసు చేతికిస్తూ కూర్చున్నారు. ఒక్కరే ఉండి చేసుకోవద్దు, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. నీరసానికి బాత్రూంలో కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

రంగు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి మోసపోయింది అక్కడే. మొదట గట్టిది, తర్వాత మెత్తది, తర్వాత గోధుమరంగు నీళ్లు. చాలామంది ఇక్కడే అయిపోయిందనుకుంటారు. కాలేదు. అది పల్చబడి, ముక్కలు పోయి, చివరికి నిమ్మరసం పిండిన నీళ్లలా లేత పసుపుగా, కమోడ్ అడుగు కనిపించేలా రావాలి. నాకు ఎనిమిదిన్నరకు అలా వచ్చింది. ఫోటో తీసి చూపించమని సిస్టర్ ముందే చెప్పింది. తీయడానికి చాలా మొహమాటపడ్డాను, తీశాను. ఆసుపత్రిలో ఆమె ఫోన్ చూసి, "బాగుంది మేడం, ఇట్లనే కావాల" అంది. గోధుమరంగులో ఉంటే అక్కడే ఎనిమా (కిందినుంచి మందు నీళ్లు ఎక్కించి కడగడం) ఇచ్చేవాళ్లమని, అయినా కాకపోతే వేరే రోజుకు మార్చేవాళ్లమని చెప్పింది. టేబుల్ ఎక్కి సగంలో దిగడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

వెయిటింగ్ హాల్లో నా పక్కన నందికొట్కూరు నుంచి వచ్చిన పెద్దామె కూర్చుంది, కొడుకు తీసుకొచ్చాడు. "పొద్దున తాగేది తాగలేదమ్మా, బస్సులో యాడ దిగేది?" అంది నెమ్మదిగా. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఇది ఎంత పెద్ద సమస్యో ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆమె అదృష్టం, సిస్టర్ ఆమెకు షుగర్ చూసి, అక్కడే ఒక గది చూపించి, మందు కలిపిచ్చి, పరీక్ష మధ్యాహ్నం మూడింటికి మార్చింది. దూరం నుంచి వచ్చేవాళ్లు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇది అడగండి: మధ్యాహ్నం ఇస్తారా, పొద్దున మందు మీ దగ్గర తాగొచ్చా అని.

పరీక్ష గురించి రాయడానికి పెద్దగా లేదు. చేతికి సూది, ఎడమవైపు తిరిగి పడుకోవడం, మోకాళ్లు ముడవడం. మత్తు ఎక్కడం గుర్తుంది, మెలకువ రావడం గుర్తుంది. పన్నెండున్నరకు రికవరీలో ఉన్నాను. కడుపులో గాలి ఉబ్బరం, వదిలేస్తే పోతుంది, ఆపుకోవద్దన్నారు.

డాక్టర్ వచ్చి రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఏప్రిల్‌ది మొత్తం గోధుమరంగు, గోడే కనిపించదు. మే నెలది తడిగా మెరుస్తున్న గులాబీ రంగు గోడ, సన్నటి రక్తనాళాలు కూడా కనిపిస్తున్నాయి. స్కోర్ కుడివైపు 2, మిగతా రెండూ 3, మొత్తం 8. రక్తం పడింది లోపలి మొలల నుంచే. కానీ కుడివైపు పైకి వెళ్లే పేగులో 6 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు గోడ మీద పెరిగే చిన్న కండ) ఒకటి కనిపించింది, అప్పుడే వైరు ఉచ్చుతో కోసి తీసేశారు. ఏప్రిల్‌లో కెమెరా ఆ చోటికి పోనేలేదు. అది విన్నాక చాలాసేపు నాకు మాట రాలేదు. డబ్బుల కోసమో, విసుగుతోనో రెండోసారి వద్దనుకుని ఉంటే అది లోపలే ఉండిపోయేది.

ఖర్చు: పరీక్ష, మత్తుతో కలిపి 6,200. పాలిప్ తీసినందుకు 2,500, ఆ ముక్కని ల్యాబ్‌లో చూసే బయాప్సీకి 1,400. మందులన్నీ కలిపి వెయ్యి లోపు, రూమ్ వెయ్యి. పాలిప్ కనిపిస్తే అదనంగా అవుతుందని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు కాబట్టి షాక్ తగల్లేదు. అందరూ ముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఆ డబ్బు చేతిలో లేకపోతే మత్తులో ఉన్న మనిషికి బదులు బయట ఉన్నవాళ్లు పరుగులు పెట్టాలి.

రెండింటికి పెరుగన్నం తిన్నాను. ఆ రోజు బండి నడపొద్దు, సంతకాలు చేయొద్దు అన్నారు, కారు మాట్లాడుకుని ఇంటికి వచ్చాం. ఆ తర్వాత మూడు రోజులు మోషన్ రాలేదు. మళ్లీ మొదటికొచ్చిందని భయపడి ఫోన్ చేశాను. పేగు ఖాళీ అయింది కదా, నిండటానికి టైం పడుతుందని చెప్పారు. నాలుగో రోజు వచ్చింది.

మే 30న బయాప్సీ రిపోర్టు వచ్చింది. ట్యూబ్యులర్ అడినోమా, క్యాన్సర్ కాదు. ఇలాంటివి కొన్ని ఏళ్లు గడిస్తే క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంటుంది, పూర్తిగా తీసేశాం కాబట్టి భయం లేదన్నారు. మావారు ఆ కాగితాన్ని మెట్ల మీద నిలబడే మూడుసార్లు చదివించుకున్నారు. ఐరన్ మాత్ర రకం మార్చారు, క్యాల్షియం తగ్గించారు, తలనొప్పి మాత్ర గురించి అది రాసిన డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా వేరేదానికి మారుస్తున్నారు. పెగ్ పొడి రోజూ రాత్రి కొనసాగుతోంది. పొద్దున టిఫిన్ అయిన పది నిమిషాలకు, మోషన్ వచ్చినా రాకపోయినా, కాళ్ల కింద చిన్న పీట వేసుకుని కూర్చుంటున్నాను. టిఫిన్ తిన్నాకే పేగు కదలిక బాగా ఉంటుందని డాక్టర్ చెప్పారు, అది చూసుకుని స్కూలు బస్సు అందుకోవాలంటే మునుపటికన్నా అరగంట ముందు లేవాల్సి వస్తోంది.

ఐదేళ్లకు మళ్లీ చేయించుకోమన్నారు. రిపోర్టు ఫైల్లోనే ఒక తెల్లకాగితం మీద ఈసారి వాడిన మందులు, ఏ రోజు ఏది, ఏ గంటకు ఏది, మోషన్ ఎప్పుడు మొదలైంది, స్కోర్ ఎంత వచ్చింది, అన్నీ రాసి పెట్టాను. 2030లో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే బల్ల మీద పెడతాను.